పాఠమని ఇచ్చిన అమెరికా క్యాసెట్టు

1986లో ఎండలు తగ్గి బడులు తెరిచిన రోజులు. తిరుపతిలో బస్టాండుకు వెళ్ళే సందులో మాకు క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే అంగడి ఉండేది. మా ఆయన పోయాక దాన్ని మూసెయ్యమని బంధువులంతా చెప్పారు. మిషన్లు అమ్మితే సగం ధర కూడా రాదని తెలిసి నేనే కూర్చున్నాను. నా చదువు మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు అక్షరం రాదు.

ఆ పని ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకు తెలియదు. మాస్టర్ అంటే మా దగ్గరుండే అసలు క్యాసెట్టు. డబుల్ డెక్, అంటే రెండు క్యాసెట్లు పట్టే మిషనులో, ఒక పక్క మాస్టర్, రెండో పక్క ఖాళీ క్యాసెట్టు పెట్టి ఎక్కిస్తాం. ఎవరైనా కొత్త క్యాసెట్టు కాపీకి తెస్తే అంగడికీ ఒకటి ఎక్కించి ఉంచుకునేవాళ్ళం. అందరూ చేసేదే, మంచిదని మాత్రం అనను. మాస్టర్లను నేను రెండే పెట్టెల్లో సర్దేదాన్ని. రాగం ఉంటే పాటల పెట్టె. రాగం లేకుండా మనిషి మాట్లాడుతూ పోతే మాటల పెట్టె. సినిమా డైలాగులు, పురాణ ప్రవచనాలు, మీటింగుల ఉపన్యాసాలు అన్నీ అందులోనే.

మా వీధి చివరి టైలరు కొడుకు ఖాదర్ బాషా దుబాయిలో డ్రైవరు. సెలవుకు వచ్చినప్పుడు ఒక ఇంగ్లీషు క్యాసెట్టు ఇచ్చి, "అరిగిపోతా ఉండాది పెద్దమ్మా, ఒక కాపీ ఎక్కించి పెట్టు" అని అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు. పెట్టి విన్నాను. వెనక డప్పులాంటిదేదో దబ్ దబ్‌మంటోంది. దాని మీద ఒక మగమనిషి ఆగకుండా, మాట తర్వాత మాట విడదీసి చెప్తున్నాడు. రాగం లేదు. మాటల పెట్టెలో వేశాను.

ఆ వారమే సుగుణ అనే పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయి.

"పెద్దమ్మా, ఇంగ్లీషు మాటలు నేర్పే క్యాసెట్టు ఉండాదా?"

"ఎవురికి మే?"

"నాకే. చంద్రగిరిలో ఇంగ్లీషు మీడియం బడి కొత్తగా పెట్టినారు గదా, ఆడ ఒకటో తరగతి టీచర్ని. నేను చదివింది తెలుగులో. ఇంకా నెలన్నర సూస్తాను, తర్వాత తల్లిదండ్రుల ముందర ఇంగ్లీషులో పాఠం చెప్పాల, చెప్పలేకపోతే ఇంటికి పో అన్నాడు కరస్పాండెంట్ సారు."

కరస్పాండెంట్ అంటే ప్రైవేటు బడి యజమాని.

"పోతే ఏమైతాది?"

"ఏమైతాది, మా ఊరు ఐరాలకు పోయి శెనక్కాయలు వొలిసేదే. మా చెల్లెల్ని నేనే గదా చదివిస్తా ఉండేది. దాని చదువు గూడా ఆడికి సరి."

మాటల పెట్టెలో ఉన్న ఒకే ఒక ఇంగ్లీషు క్యాసెట్టును ఎక్కించి ఇచ్చాను. పాఠమేనని నోటితో చెప్పాను. పైన కాగితం మీద తెలుగులో 'ఇంగ్లీషు పాఠం' అని రాశాను కూడా.

నెల తర్వాత ఒక ఆదివారం వచ్చింది. చేతిలో లావుపాటి నోటుబుక్కు. మొహం వెలిగిపోతోంది.

"బలే ఉండాది పెద్దమ్మా! ఆయప్ప వరసలన్నీ ఒకే మోతతో ముగిస్తాడు. ఒక మాట పట్టుకుంటే దాని జత మాట అదే నోటికి వస్తాది. ఒక్కో వరసా పదిసార్లు రివైండ్ చేసి రాసుకుంటా, డిక్షనరీలో వెతుక్కుంటా. మూడొందల మాటలు దాటినాయి."

"మిషన్లో అన్నిసార్లు తిప్పితే టేపు సాగిపోతాది మే. పెన్సిలు దూర్చి చేత్తో తిప్పు, కరెంటు గూడా మిగులుతాది. నోటుబుక్కులో కొన్ని మాటల చుట్టూ ఈ సున్నాలేంది?"

"డిక్షనరీలో కనపడని మాటలు. వచ్చే శుక్రవారమే పెద్దమ్మా, పదకొండు గంటలకు నా పాఠం."

ఆ శుక్రవారం పొద్దున ఖాదర్ బాషా తన క్యాసెట్టు కోసం వచ్చాడు. "నీ క్యాసెట్టు ఒక టీచరమ్మకు గూడా పనికొచ్చింది నాయనా, పిల్లోళ్ళకు పాఠం చెప్పుకుంటా ఉండాది" అన్నాను. అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"యా అల్లా! పాఠమా? పెద్దమ్మా, అది ర్యాప్. హిప్‌హాప్ అంటారు. అమెరికాలో కుర్రోళ్ళు వీధిలో నిలబడి, మాటకు మాట జతకట్టి ఒకర్నొకరు ఓడించే పందెం. డాన్సు గూడా ఉండాది, నెత్తి మీద నిలబడి గిరగిరా తిరుగుతారు."

"తిరిగితే తిరగనీ. మాటలు ఇంగ్లీషే గదా?"

"ఇంగ్లీషే. మధ్యలో బూతులుండాయి!"

"ఏమి బూతులు?"

"నీ ముందర చెప్పేటివి కాదు" అని తల దించుకున్నాడు.

ఆరేళ్ళ పిల్లల నోట ఏం పలికిస్తోందో ఆ పిల్ల! పాఠమని చెప్పింది నేను, రాసిచ్చింది నేను. ఆదివారం కూడా మూయని అంగడికి తాళం వేసి చంద్రగిరి బస్సు ఎక్కాను.

వెళ్ళేసరికి పాఠం మొదలైపోయింది. తల్లిదండ్రులు బెంచీల మీద కూర్చున్నారు. నేనూ చివర కూర్చున్నాను. సుగుణ మెటికలతో బల్ల మీద దబ్ దబ్ టక్ అని కొడుతోంది. పిల్లలు దానికి సరిగ్గా "డోర్!" అని తలుపు చూపిస్తున్నారు, "ఫ్లోర్!" అని నేల తడుతున్నారు. పెద్దలు మురిసిపోతున్నారు. నేను మాత్రం తర్వాతి మాట ఏదో, తర్వాతి మాట ఏదో అని చెవులు రిక్కించి కూర్చున్నాను. పాఠం ముగిసింది. అన్నీ వస్తువుల పేర్లూ పనుల పేర్లూ లాగే ఉన్నాయి.

అప్పుడు కరస్పాండెంట్ సారు బల్ల మీది నోటుబుక్కు తీసి తిరగేశారు. "ఈ సున్నాలు చుట్టిన పదాలు వదిలేశావేం? కష్టమైనవని దాటేశావా?" అన్నారు. ఆమె నోరు తెరిచేలోపే ఒక మాటను గొంతెత్తి రెండుసార్లు చదివి, "చెప్పండి పిల్లలూ!" అన్నారు.

ఎలా లేచానో నాకే తెలియదు.

"చెప్పొద్దు! సార్, ఆ మాట చదవొద్దు! అది బూతు!"

అందరూ వెనక్కి తిరిగారు.

"ఎవరమ్మా మీరు? మీకు ఇంగ్లీషు వచ్చా?"

"రాదు సార్. క్యాసెట్ల అంగడి దాన్ని. ఇంగ్లీషు వచ్చినాయప్ప చెప్పినాడు."

"ఈ మాట బూతని చెప్పాడా?"

"ఏదని చెప్పలే. సున్నా చుట్టినవన్నీ నాకు అనుమానమే."

జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. తప్పు నాదన్నాను. సారు మొహం నల్లబడింది. సుగుణ వైపు తిరిగి, "వీధి పాట తెచ్చి నా బడిలో పాఠమంటావా?" అన్నారు.

ఆ పిల్ల తల వంచలేదు. "అది ఏ క్యాసెట్టో నాకు తెల్దు సార్. డిక్షనరీలో చూసి, అర్థం తెలిసిన మాటే పిల్లోళ్ళకు చెప్పినా. తెలీని మాట ఒక్కటీ చెప్పలే. అందుకే సున్నాలు." సారు ఇంగ్లీషులో ఏదో గద్దించారు. ఆమె ఇంగ్లీషులోనే బదులు చెప్పింది. తడబడుతూ చెప్పింది గానీ మధ్యలో ఆగలేదు.

ముందు బెంచీలో బస్సు కండక్టరు ఒకతను, ఖాకీ చొక్కాతోనే వచ్చినవాడు, లేచాడు. "సార్, మా పాప ఇంట్లో ఏది ముట్టుకున్నా ఇంగ్లీషులో పేరు చెప్తా ఉండాది. టీచరమ్మ నోట ఈడ బూతు రాలే. సదివింది మీరే గదా సార్!"

బెంచీలన్నీ నవ్వాయి. సారు మాత్రం నవ్వలేదు. నోటుబుక్కు మూసి ఆమె చేతికిచ్చారు. "ఆ క్యాసెట్టు ఈ బడి దరిదాపులకు రాకూడదు. సోమవారం ఎప్పటిలాగే రా."

బస్సు కోసం నిలబడి ఉంటే సుగుణ పరుగెత్తుకొచ్చింది. చెంపలు తడిగా ఉన్నాయి. "పెద్దమ్మా, సారు చదివిన మాటకు అర్థమేంది?"

"నాకు యాడ తెలుసు మే! ఖాదరు నోరు మూసుకున్నాడు, నేను వొణికినా, అంతే."

ఇద్దరం రోడ్డు మీదే పకపకా నవ్వాం. బస్సు కదిలాక నాకు నవ్వు రాలేదు. తనకు తెలియని మాటను ఆ పిల్ల పక్కన పెట్టింది. నేను నాకు తెలియని క్యాసెట్టుకు పాఠమని పేరు పెట్టి ఆమె చేతిలో పెట్టాను. ఇంకో యజమాని అయితే ఆమె ఆ రోజే ఐరాల బస్సు ఎక్కేది.

ఆ తర్వాత పన్నెండేళ్ళు అంగడి నడిపాను. నాకు తెలియని భాషలో క్యాసెట్టు ఎవరడిగినా, "ఇందులో ఏముండాదో నాకు తెల్దు, కూర్చోని ఇను" అని చెప్పి రెండు వైపులా పూర్తిగా వినిపించేదాన్ని. కొనకుండా లేచిపోయినవాళ్ళే ఎక్కువ. కరెంటు ఖర్చు నాదే.