ఇంగ్లీషులో నా పేరు

మా ఊళ్ళో నా ఎదుట నా పేరు పలికింది మా ఇంటివాళ్ళు మాత్రమే. మిగతా అందరికీ నేను చిన్న దొరను. ఆ పేరు మా తాతది. ఆయన పోయిన ఏడాదే నేను పుట్టానని నాకు పెట్టారు. మెట్‌పల్లి అవతల ఉన్న ఆ ఊళ్ళో కోటలాంటి మా పాత ఇల్లు, గడి, కప్పు కూలింది, పొలాలు చేతులు మారాయి, మా వాళ్ళు కరీంనగర్ చేరి దశాబ్దాలయింది. ఇప్పుడు నేను ఇక్కడి యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్‌ను. కొనసాగింపు ఉత్తర్వు వస్తుందో రాదోనని ప్రతి వేసవీ ఎదురుచూస్తాను. అయినా కుర్చీకి వెన్ను ఆనించకుండా కూర్చునే అలవాటు పోలేదు. పోవాలని నేను కోరుకోలేదు.

మొన్నటి వేసవిలో మా శాఖకు పోలండ్‌లోని ఒక చిన్న యూనివర్సిటీతో ఆన్‌లైన్ ప్రాజెక్టు కుదిరింది. వాళ్ళకూ ఇంగ్లీషు మాతృభాష కాదు. మా విద్యార్థులతో పాటు ఆదిలాబాద్ కాలేజీ విద్యార్థులు కూడా అందులో ఉన్నారు. పూర్వం నేను అక్కడ కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడ మా ఇంటిపేరు విని కనుబొమలు ఎగరేసేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు కనుక ఆ ఏళ్ళు హాయిగా గడిచాయి. అక్కడి పాత సహోద్యోగి ఈ ప్రాజెక్టుకు సాంకేతిక పనులు చూసేవాడు.

ఇతర సంస్కృతుల వాళ్ళతో మెలిగే నేర్పు అలవరచడం ప్రాజెక్టు ఉద్దేశమట. ముందుగా మా లెక్చరర్లకు శిక్షణ ఇచ్చారు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడమన్నారు, నవ్వమన్నారు. ఒక యాప్ పెట్టి మా ఉచ్చారణకు మార్కులు వేయించారు. చిన్నప్పుడు హైదరాబాద్ కాన్వెంట్‌లో నేర్చుకున్న నా ఇంగ్లీషుకు అది వేసిన మార్కులు ఇక్కడ చెప్పను. పక్క కుర్చీలో అటెండర్ సరదాకు ఒక వాక్యం చదివితే నాకంటే ఎక్కువ వేసింది.

మొదటి సమావేశంలోనే పోలండ్ ప్రొఫెసర్ ఒక నియమం చెప్పింది. అందరం పేర్లతోనే పిలుచుకోవాలి, టీచర్లను కూడా. "మా భాషలో మా విద్యార్థులు నన్ను పేరుతో పిలవరు. పిలిస్తే నాకే బాగుండదు. అందుకే ఇంగ్లీషులో పిలవమంటున్నాను. ఇది మనలో ఎవరి ఇల్లూ కాదు కదా" అంది. మాట బాగుంది. కానీ మరుక్షణమే జుట్టుకు ఆకుపచ్చ రంగు వేసుకున్న ఒక కుర్రాడు నన్ను మా తాత పేరుతో పిలిచి కరీంనగర్‌లో ఎండలెలా ఉన్నాయని అడిగాడు. నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ బల్ల కింద నా కాలు ఆడుతూనే ఉంది.

మా విద్యార్థుల్లో ఒక అమ్మాయిది మా ఊరే. వాళ్ళ బాపు, అంటే నాన్న, గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో అమ్మ, బాపమ్మ అని ఆమె పిలిచే నాయనమ్మ. స్పోకెన్ ఇంగ్లీషు పరీక్ష ఆమె ఇదివరకే తప్పింది. ఆ పరీక్షకు బదులు ఈ ప్రాజెక్టు ఇచ్చాం. ఇది కూడా పోతే ఆమె డిగ్రీ ఆగిపోతుంది. మార్కులు వేసేది బయటి పరీక్షకులు. చివరి సమావేశం రికార్డింగ్ చూసి వేస్తారు. తన ప్రాంతపు సంగతి ఒకటి, అది తెలియని మనిషికి అర్థమయ్యేలా, చూసి చదవకుండా చెప్పాలి. చివరి సమావేశం దాకా ఆ అమ్మాయి అవుననడం, కాదనడం, థాంక్యూ చెప్పడం తప్ప ఏమీ మాట్లాడలేదు. నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. సార్ అనకూడదు, పేరు అనడానికి నోరు రాదు, అందుకని నాతో మాట్లాడటమే మానేసింది.

చివరి సమావేశం నాటికి సెలవులు. అందరూ ఇళ్ళ నుంచే చేరారు. ఆ అమ్మాయి బీడీ ఆకుల కట్టకు ఫోన్ ఆనించి కూర్చుంది. వాళ్ళ బాపమ్మ పక్కనే బీడీలు చుడుతున్నట్టుంది. తెర అంచున ఒక మోచెయ్యి, ఒడిలో చాట మాత్రమే కనిపిస్తున్నాయి. మాట్లాడే మాటలన్నీ తెర అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో వాటంతటవే పడుతున్నాయి. విద్యార్థులు తలా ఒక టీచర్‌ను పేరుతో పిలిచి ఒక ప్రశ్న అడిగి, తరవాత తమ సంగతి చెప్పాలి. ఆమె వంతుకు నేను వచ్చాను.

కళ్ళు కిందికి దించి, ఆమె నా పేరు పలికింది.

మోచెయ్యి ఆగిపోయింది.

"ఓ పోరీ! ఎవల పేరు తీస్తున్నవే?"

"క్లాసు బాపమ్మా."

"క్లాసైతే? దొర పేరు గట్ల కుక్కను పిలిచినట్టు పిలుస్తరా? ఆయినకు తెలిస్తే?"

"తెలుసుడేంది, వింటనే ఉన్నడు. గీ ఫోన్లనే ఉన్నడు."

"అయ్యో, నీ నోట్ల మన్నువడ!" చాట పక్కన పెట్టిన చప్పుడైంది. కొంగు తల మీదికి లాక్కుంటూ ఒక ముసలి ముఖం తెరంతా నిండింది. "దొరా, పోరి తెల్వక అన్నది. మనసుల వెట్టుకోకుండ్రి."

"ఏం పర్వాలేదు" అన్నాను. మైకు మూసి ఉంది. నా మాట ఎవరికీ వినిపించలేదు.

ఆకుపచ్చ జుట్టు కుర్రాడు మీ నాయనమ్మకు కోపం ఎందుకొచ్చిందని ఇంగ్లీషులో అడిగాడు. ఆ అమ్మాయి ముందు బాపమ్మ వైపు చూసింది. తరవాత ఫోన్ వైపు తిరిగి మొదలుపెట్టింది. చిన్న చిన్న వాక్యాలు. కాలాలు తప్పుతున్నాయి. కానీ ఎక్కడా ఆగలేదు.

"మా ఊళ్ళో వీళ్ళు దొరలు. ఈయనది వాళ్ళ తాత పేరు. మా తాతకూ అదే పేరుండేది. దొర పేరు జీతగాడికి ఉండకూడదు. అందుకని గడిలో పనికి కుదిరినప్పుడు మా తాత పేరు తీసేశారు. వేరే పేరు పెట్టారు. మా దగ్గర భార్య భర్త పేరు పలకదు. దొర పేరూ పలకకూడదు. కాబట్టి మా నాయనమ్మకు ఆ పేరు రెండు విధాలుగా పలకరానిది. మా ఇంట్లో ఎవ్వరూ పలకలేదు. ఇది నాకు మా నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇవాళ నేను పలికాను. ఎందుకంటే మీరు పలకమన్నారు. మార్కులున్నాయి."

చివరి మాటకు ఎవరో నవ్వారు. ఆకుపచ్చ జుట్టు కుర్రాడు నవ్వలేదు. తన ముత్తవ్వ కూడా ఒక జమీందారు భవంతిలో పనిచేసిందనీ, ఇంట్లో ఆ సంగతి మాట్లాడుకోరనీ, ఇప్పుడా భవంతి హోటలనీ చెప్పాడు. "మా అక్క పెళ్ళి అక్కడే చేశాం. ముత్తవ్వ ఏ గదిలో ఉండేదో ఎవరూ అడగలేదు" అన్నాడు. ప్రొఫెసర్ నా పేరు పిలిచి, మీరేమైనా అంటారా అని అడిగింది. సమయం అయిపోయిందన్నాను. సమయం ఇంకా ఉంది.

రికార్డింగ్‌ను పరీక్షకులకు పంపే ముందు కింది అక్షరాలు సరిచూడటం నా బాధ్యత. నెట్ సరిగా లేని చోట్లు, ఇంట్లో వాళ్ళ చప్పుళ్ళు తీసేయవచ్చని నియమాల్లోనే ఉంది. ముసలామె అరిచింది ఇంటి చప్పుడే. అక్కడ కత్తిరిస్తే దాని గురించి వచ్చిన ప్రశ్న, ఆ అమ్మాయి జవాబు కూడా పోతాయి. నన్నెవరూ తప్పు పట్టరు.

నాలుగు రోజులు ల్యాప్‌టాప్ తెరవడం, మూయడం. టీ పెట్టుకుని తాగడం మరిచేవాణ్ణి. ఆ అమ్మాయి తాత నాకు తెలుసు. చిన్నప్పుడు నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మెట్‌పల్లి సంతకు తీసుకుపోయేవాడు. మా నాన్న కంటే పెద్దవాణ్ణి ఒంటి రంగును బట్టి పెట్టిన పొట్టి పేరుతో పిలిచేవాణ్ణి. అదే ఆయన పేరనుకున్నాను. చివరికి మా మేనత్తకు ఫోన్ చేశాను. గడిలో పుట్టి పెరిగినవాళ్ళలో ఆమె ఒక్కతే మిగిలింది.

"నిజమే" అంది, నేను పంచాంగంలో తిథి అడిగినట్టు. "ఇద్దరికి ఒక్క పేరెట్ల ఉంటదిరా? పిలిస్తే ఎవలు పలకాలె?"

మా తాత బడికి స్థలం ఇచ్చాడు. కరువు ఏడాది గాదెలు తెరిచాడు. అవన్నీ నేను ఎందరికో చెప్పుకున్నాను, ఇక ముందూ చెబుతాను, అబద్ధాలు కావు కాబట్టి. వాటి పక్కన ఇది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇంట్లో నిలువలేక ఆదిలాబాద్ బస్సెక్కాను. ఫైలు ఇంటి నుంచే పంపవచ్చు. సహోద్యోగితో కూర్చుని పంపుతానని నాకు నేనే చెప్పుకున్నాను.

మెట్‌పల్లి దాటాక మా ఊరి మలుపు వచ్చింది. ఎప్పటిలాగే ఊరు కనిపించని రెండో వైపు కిటికీలోంచి చూస్తున్నాను. అప్పుడే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మా బాపమ్మ పరేషాన్ అయితుంది. మీరు కోపం చేసిన్రా అని అడుగుతుంది."

"కోపం లేదని చెప్పు."

"చెప్పిన సార్. నమ్ముతలేదు. బీడీలు సుత సక్కగ చుడ్తలేదు." గొంతు తగ్గించింది. "సార్, గా ముచ్చట వీడియోల ఉంటదా?"

"చూస్తున్నాను."

"గా ముచ్చట తీసేస్తే నేను మాట్లాడింది ఇంకేం లేదు సార్. ముందటిదంతా యెస్సు, నో, థాంక్యూ."

చూస్తాననే మళ్ళీ అన్నాను. నిర్మల్ దాకా నా సంచీలోని ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మనసులో ఆ ప్రొఫెసర్‌కు ఇంగ్లీషులో జవాబులు కూర్చుకుంటూ పోయాను. ఒక్కోటి ఎంతో గంభీరంగా మొదలై, ఆ అమ్మాయి మాటల్లాంటి చిన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

ఆదిలాబాద్‌లోని నా పాత సహోద్యోగి ఇలాంటివాటిలో తొందరగా నిర్ణయం తీసుకునే మనిషి. మరాఠీ, తెలుగు కలిసే ఇంట్లో పుట్టినవాడు, నన్ను ఎప్పుడూ భావూ, అంటే అన్నా, అనే పిలుస్తాడు. కాలేజీ ల్యాబ్‌లో పెద్ద తెర మీద రికార్డింగ్ పెట్టి చివరిదాకా చూశాడు. కుర్చీ నా వైపు తిప్పాడు.

"కోస్తే మస్తు సాఫ్ ఉంటది భావూ. ముసలవ్వ అరిచిన కాడ కోసి, ఆఖరి థాంక్యూ కాడ అతుకుదాం. ఎవనికి ఎరుక? కోయమంటవా?"

"కోస్తే ఆ పిల్ల తప్పుతుంది."

"మరి కోయకుంటే?"

"కోయకుంటే ఏముంది. ఉన్నదే ఉంటుంది."

"ఆ మాట నవ్వుకుంట అను జర. ట్రైనింగుల చెప్పిన్రు గద."

నేను నవ్వలేదు. కింది అక్షరాలు సరిచేద్దామన్నాను. విద్యార్థుల వ్యాకరణం ముట్టుకోకూడదు, యంత్రం అందుకోలేని చోట్లు మాత్రమే నింపాలి. ఆ అమ్మాయి కాలాలు తప్పిన ప్రతిచోటా నా వేళ్ళు కదిలాయి, ఆపుకున్నాను. "పేరు తీసేశారు" అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ఎవరు తీసేశారో ఆమె అక్కడ చెప్పలేదు. మర్యాదకో, ఇంగ్లీషు రాకో తెలియదు. నేను ఏమీ చేర్చలేదు. తుది రూపం భద్రపరచమని చెప్పాను. అతను పరీక్షకులకు పంపేశాడు.

పని అయిపోయింది కదా, కొంచెం తేలికపడతాననుకున్నాను. బస్టాండులో మిర్చి బజ్జీ ముందు కూర్చుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"మొత్తం పంపాం. ఏమీ తీయలేదు."

"నిజంగనా సార్?" అంది. అటు తిరిగి అరిచింది, "బాపమ్మా, తీయలేదట!" అటు నుంచి ముసలామె ఏదో అంది. నాకు తెలియలేదు.

"ఏమంటున్నది?"

"ఏం లేదు సార్. ఇగ బీడీలు చుట్టుకుంటనంటుంది." మళ్ళీ గొంతు తగ్గింది. "సార్, ఇంకోటి. మా బాపు ఆ వీడియో తనకు పంపుమంటుండు. మా బాపు వాళ్ళ రూముల అందరు చూస్తరట. మనూరోళ్ళే సార్, మెట్‌పల్లి దిక్కోళ్ళు. పంపొచ్చునా?"

దీని గురించి నేను ఆలోచించి ఉండలేదు. పరీక్షకులు ఎవరో నాకు తెలియదు, నేను వాళ్ళకు తెలియదు. పోలండ్ వాళ్ళకు మా గడి ఒక కథ. కానీ ఆ గదిలో మంచాల మీద కూర్చుని ఫోన్ చుట్టూ మూగే మనుషుల తండ్రులు, తాతలు మా వాకిట్లో చెప్పులు విడిచినవాళ్ళు. వాళ్ళు ఆ అమ్మాయి మాటలు వింటారు. సమయం అయిపోయిందని నేను చెప్పిన మాటా వింటారు. గడియారం చూడకుండానే ఆ మాట అన్న నా ముఖాన్ని, వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తారు.

"సార్, ఉన్నరా?"

"ఉన్నా."

"వద్దంటే పంపను సార్."

ప్లాట్‌ఫారం మీద కరీంనగర్ బస్సు ఇంజన్ మోగుతోంది. కండక్టర్ కేకలు వేస్తున్నాడు. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను.

"పంపు" అన్నాను. "మీ బాపుతో చెప్పు. అది నిజమేనని నేను కూడా అడిగి తెలుసుకున్నానని చెప్పు."

"ఎవల్ని అడిగిన్రు సార్?"

"మా మేనత్తను."

 "సరే సార్" అని పెట్టేసింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నిర్మల్ దాటేలోగా ఫోన్ తీసి చూడటం, జేబులో పెట్టడం ఎన్నిసార్లు చేశానో. ఎవరి నుంచి ఏ మాట వస్తుందని చూశానో నాకూ తెలియదు. మెట్‌పల్లి దగ్గర పడుతుండగా ఒక ఫోన్ వచ్చింది. గల్ఫ్ నంబర్. రెండోసారి మోగేదాకా చేతిలో పట్టుకుని చూసి, ఎత్తాను.