చిలకకి పడని వాసన

రాయడం నాకు కొత్త, తప్పులుంటే ఏమనుకోకండి. రెండువేల పదమూడులో గల్ఫ్‌లో, అల్ ఐన్ అనే ఊళ్లో ఒకళ్లింట్లో పని చేసేదాన్ని. బాత్‌రూమ్ తెల్లగా మెరవాలని మేడమ్ బ్లీచింగ్ నీళ్లలో యాసిడ్ కలిపించేది. కలపగానే ఘాటు లేచి గొంతు కోసేసేది. కళ్లు మండి, ఊపిరాడక గోడ పట్టుకునేదాన్ని.

వచ్చీరాని హిందీలో "ఆయాసం వస్తంది మేడమ్, రెండూ కలపొద్దు" అంటే, "నాటకాలాడకు. యల్లా, తొందరగా కానీ" అనేది.

ఒకరోజు నేను యాసిడ్ సీసా మూత తీస్తంటే, "ఆగాగు!" అంటా పరిగెత్తుకొచ్చింది. నా మీద జాలేసిందనుకున్నాను. పక్కగదిలోంచి చిలక పంజరం తీసుకుని, "ఈ వాసన దీనికి పడదు, చచ్చిపోద్ది" అని వరండాలో పెట్టొచ్చింది. వచ్చి, "ఇప్పుడు కలుపు" అంది.

నా ఒళ్లు మండిపోయింది. అంటే మేడమ్‌కి తెలుసు! అన్నాళ్లూ తెలిసే నా చేత పీల్పించింది. మూత బిగించి, వెళ్లి చిలక పక్కన కూర్చున్నాను.

"ఏంటిది? లే!"

"ఖలాస్ మేడమ్. నాకూ పడదు."

"ఇంటికి పంపించేస్తాను."

"పంపించు."

పంపలేదు. మళ్లీ కలపమనీ అనలేదు. కానీ ఆ ఘాటుకి పట్టుకున్న దగ్గు పోలేదు. ఇప్పటికీ ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ మేడమ్‌ని తిడతానే ఉంటాను.