తలుపులాయన సంతకం

తప్పంతా తలుపులాయనదేనని కాగితం మీద రాసిచ్చింది పరాయివాడు కాదు, సొంత బావమరిది.

తలుపులాయన అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. భవనాలు కొలిచే కంపెనీలో ఆయనది ఇరవై రెండేళ్ల సర్వీసు. టేపుతో మొదలుపెట్టి, చేత్తో పట్టుకుని నడిస్తే చాలు గోడలన్నీ కొలిచేసే స్కానర్ దాకా వచ్చాడు. ఆ నడకకి ముందురోజే ఒట్టి చేతులతో భవనమంతా తిరిగేవాడు. ఏ గదికి తాళం ఉంది, మెషీన్‌ని తికమకపెట్టే నిలువుటద్దం ఎక్కడుంది, జనం ఏ వేళప్పుడు పలచబడతారు, అన్నీ పెన్సిల్‌తో రాసుకునేవాడు. మర్నాడు సంచీలోంచి చెక్కముక్కలు తీసి, ప్రతి తలుపూ బార్లా తెరిచి, కదలకుండా బిగించాకే స్కానర్ పట్టుకోనిచ్చేవాడు.

"వాచ్‌మన్ ఉద్యోగం ఖాళీ ఉందటండీ, మీకు అతికినట్టు సరిపోతుంది" అని ఏడిపించేవాళ్లు.

"ఇక్కడికంటే మర్యాదుంటే చెప్పండి, ఇప్పుడే పోతా."

ఆ తప్పు జరిగింది ఒక కాలేజీలో. భవనం నాలుగంతస్తులు. ఆయన ప్లాన్ ప్రకారం ప్రతి అంతస్తులోనూ మెట్ల దగ్గర బయల్దేరి, చుట్టూ తిరిగి, మళ్లీ ఆ మెట్ల దగ్గరికే రావాలి. అలా వస్తేనే దారిలో కొలత ఎంత పక్కకి జరిగిందో మెషీన్ తనే సరిచూసుకుంటుంది. సగం పనిలో మేనేజరు ఊడిపడ్డాడు. మేనేజరంటే ఆ బావమరిదే.

"చూసిన వరండానే మళ్లీ చూడ్డమేంటి బావా? ఇటు చివర మెట్లెక్కి పోదాం. సాయంత్రం ఇంకో సైటుంది."

"తిరిగి రాకపోతే కొలత పక్కకి జరుగుతుందిరా."

"ఎంత? వెంట్రుకంతా?"

జానెడు జరిగింది. ఆ డ్రాయింగ్ నమ్మి చేయించిన అద్దాల అడ్డుగోడలు ఒక్కటీ పట్టలేదు. కాలేజీవాళ్లు సంజాయిషీ అడిగితే, నడక ప్లాన్‌లోనే లోపముందని బావమరిది రాసిచ్చి చేతులు దులుపుకున్నాడు. ప్లాన్ కింద సంతకం తలుపులాయనది.

తిరుగుదారి బాణాలన్నీ ఉన్న పెన్సిల్ కాగితం పట్టుకుని ఆయన పైవాళ్ల దగ్గరికి బయల్దేరాడు. భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వాడికి చంటిపిల్లలు. మీకేముంది, ఇంకోచోట దొరుకుతుంది."

యాభై దాటినవాడికి దొరకదని ఇద్దరికీ తెలుసు. ఆయన చెప్పులు విప్పేశాడు. నెలాఖరుకి ఉద్యోగం ఊడింది. టైల్స్ కొట్లో నిలబడి పలకలు చూపించే పనికి కుదిరాడు.

రెండేళ్లకి బావమరిది ఒక ఆసుపత్రి మ్యాపు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఒక్క రోజే లోపలికి రానిస్తారట. మంచాలు కదపకూడదు. మీకు తప్ప ఎవరికీ చేతకాదు బావా."

"వెళ్లి ఒకసారి నడిచొచ్చావా?"

"టైమేదీ?"

తలుపులాయన పెన్సిల్ చెక్కుకున్నాడు. గంటసేపు బాణాలు గీశాడు. ముందుగా ఏ తలుపులు తెరిపించాలో, రోగుల భోజనాల వేళ ఏ వార్డు వదిలేయాలో పక్కనే రాశాడు. బావమరిది ముఖం వెలిగింది. జేబులోంచి పెన్ను తీసి ఆయన ముందు పెట్టాడు.

"కింద మీ సంతకం కూడా పడేయండి. ఆఫీసులో అడుగుతారు."

ఆయన పెన్ను వెనక్కి తోశాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఎదురుపడలేదు. ఆ పూట ఆయన అన్న ఆఖరి మాట ఇదే:

"నీ పేరే రాసుకోరా. ఈసారి తప్పొస్తే తోసెయ్యడానికి నీకు ఇంకో బావ లేడు."