రిలీవ్ అయిన మధ్యాహ్నం

నిన్న మా చెల్లెలి కూతురు, తనూ డాక్టరే, బదిలీ ఉత్తర్వును ఫోనులో చూపించి, నవ్వుకుంటూ పెట్టె సర్దుకోవడానికి వెళ్ళింది. నాకు నవ్వు రాలేదు. బదిలీ అంటే నాకు ఇప్పటికీ ఫలక్‌నుమా దగ్గరి చిన్న ప్రసూతి ఆసుపత్రి, కాన్పుగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ మా సూపరింటెండెంటు గుర్తుకొస్తారు.

కాన్పుగదిలో లైటు సరిగా వెలగడం లేదని నేను పదే పదే రాసిచ్చాను. ఆయన లైటు మార్చలేదు, నన్ను మార్పించారు, అడవి అంచున ఉన్న ఆసుపత్రికి. నా స్థానంలో రావలసిన డాక్టరు ఇంకా రాకముందే రిలీవ్ చేసి సంతకం తీసుకున్నారు. ఆ సంతకం పెట్టాక అక్కడ రోగిని ముట్టుకునే హక్కు ఉండదని మా కాలం వాళ్ళకు తెలిసిందే.

సంచీతో మెట్లు దిగుతుంటే, నెలల తరబడి నా దగ్గరే చూపించుకున్న మా గల్లీ పాలవాళ్ళ కోడలిని ఆటోలోంచి దించారు. ఉన్న మరో డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నారు, కాన్పుగదిలో నర్సు ఒక్కతే. కాళ్ళు పట్టుకోవడానికి, ధైర్యం చెప్పడానికి ఇంటివాళ్ళలో ఒక్క ఆడమనిషిని రానిచ్చేవాళ్ళం కనుక అత్తగారు తోడు వెళ్ళింది. నేను మెట్ల దగ్గరే సంచీ దించి ఆగిపోయాను. కాసేపటికి నర్సు కేక వినిపించింది: తల బయటికొచ్చింది, భుజం చిక్కుకుపోయింది. నేను పరుగెత్తితే ఆయన గుమ్మానికి అడ్డం నిలిచారు.

"మీరిప్పుడు ఇక్కడి స్టాఫ్ కాదు మేడం. ఏమన్న అయితే జవాబు నేను చెప్పాలె."

అత్తగారు బయటికొచ్చింది. "ఏంది సార్ గీ లొల్లి? బర్రె ఈనేటప్పుడు గూడ గింత పంచాయితీ పెట్టం! ఇంటోళ్ళల్ల ఒక్కరు లోపట ఉండొచ్చు గదా? నేను బయటికొచ్చిన. మా దిక్కు నుంచి గీమె పోతది. పో బిడ్డా, జల్ది!"

అంటూనే ఆయనకూ నాకూ మధ్య నిలబడింది. అలా డాక్టరుగా కాక ఇంటిమనిషిగా లోపలికి వెళ్ళి, ఇంటివాళ్ళు పట్టుకునే కాళ్ళే పట్టుకున్నాను. కాకపోతే మోకాళ్ళను పొట్టమీదికి గట్టిగా మడిచి, పొత్తికడుపు కింద నొక్కమని నర్సుకు చెప్పాను. బిడ్డ ముఖం నీలంగా మారుతోంది. బయట రెండు గొంతులూ పోట్లాడుకుంటున్నాయి. భుజం జారింది, బిడ్డ బయటపడింది, కానీ ఏడవలేదు. నర్సు తుడిచింది, వీపు రుద్దింది. చిన్న దగ్గు, ఆ వెనక ఏడుపు. బయట గొంతులు ఆగిపోయాయి.

ఆ కాన్పుతో ఆ రోజు నా బస్సు తప్పిపోయింది. ఆలస్యంగా చేరినందుకు సంజాయిషీ అడుగుతూ ఆయన రాయించిన మెమో కొత్త ఊరికి నా వెనకే వచ్చింది. దానికి జవాబు రాశాను గానీ, ఆయనను నేటికీ క్షమించలేదు, ఆ ఉద్దేశమూ లేదు.

ఆ కాన్పు మర్నాడు నయాపూల్ దగ్గర బస్సెక్కుతుంటే ఆ అత్తగారు నా సంచీ పట్టుకుని వదల్లేదు. "ఎవర్ని అడిగి పోతున్నవ్ బిడ్డా?" అని దబాయించింది. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు మారాను, ఆసుపత్రులు పెద్దవయ్యాయి, లైట్లు బాగా వెలుగుతున్నాయి, డాక్టర్లు వస్తున్నారు, పోతున్నారు. ఎవరిని అడిగి పోతున్నావని నిలదీసే ఆ చనువు మాత్రం నాకు మళ్ళీ ఏ ఊళ్ళోనూ దొరకలేదు. ఇప్పటివాళ్ళకు దొరుకుతుందనీ అనుకోను.