నల్లోడు ఉండగానే తెచ్చుంటే...

మా చిన్నప్పుడు... పొద్దున్నే మేం చద్దన్నం తినే వేళకి చేపల చెరువు గట్టు మీద నల్లోడి పరుగు మొదలయ్యేది. నల్లోడంటే మా కుక్క. నరసాపురం దగ్గర మా ఊళ్ళో నాన్నగారికో చెరువుండేది. నీటికాకులు గుంపుగా వాలి చేపపిల్లల్ని మింగేసేవి. వాటిని తరమడమే నల్లోడి ఉద్యోగం.

వాడికి వయసు మీద పడింది. కళ్ళు మసకలు... చెవులు అంతంత మాత్రం. ఆ సంగతి మాకంటే ముందు నీటికాకులకి తెలిసిపోయింది. వాడు ఇటు గట్టు మీద మొరుగుతుంటే అవి అటువైపు తీరిగ్గా ఫలహారం చేసేవి.

అప్పుడే రైస్‌మిల్లు కాపలా సూరన్న వాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది. ఒకదాన్ని మీకోసం ఉంచుతానండి అని కబురు పంపాడు.

"పెద్దోడు ఉండగానే చిన్నదాన్ని తెచ్చుకోవాలి. వాడి వెనకాల తిరిగితే పని దానంతటదే వస్తుంది," అన్నారు నాన్నగారు.

అంతే... ఇంట్లో చర్చలు మొదలు. ఆషాఢంలో కొత్త ప్రాణిని గడప తొక్కనివ్వకూడదని నాయనమ్మ. శ్రావణంలో అమ్మకి వ్రతాలు, మడి. తర్వాత వానలు... గట్టంతా బురద, ముందు అది ఎండనివ్వండి అన్నారు. కార్తీకంలో తెల్లవారుజాము స్నానాలు, కుక్క తగిలితే మళ్ళీ స్నానమా అన్నారు. మావాళ్ళు పెళ్ళిళ్ళకి కూడా ఇన్ని చూసి ఎరగరు.

పైగా ఉన్న ఒక్కదానికే గంజి కాయలేక చస్తున్నానని అమ్మ గోల. నాన్నగారు చూస్తే ఎవరికీ ఎదురు చెప్పరు. వచ్చే నెల చూద్దాంలే అని తువ్వాలు భుజాన వేసుకుని చెరువుకి పోయేవారు. నాకు ఒళ్ళు మండేది.

మార్గశిరంలో ఒక పొద్దున నల్లోడు గట్టు మీంచి లేవలేదు.

ఆ మధ్యాహ్నమే నాన్నగారు ఎవర్నీ అడక్కుండా వెళ్ళి సూరన్న ఉంచినదాన్ని తెచ్చారు. తిథీ లేదు, వారమూ లేదు. ఈలోగా అది ఏపుగా ఎదిగి మిల్లు అలవాట్లన్నీ నేర్చేసుకుంది. ఎలకని చూస్తే ఎగిరి దూకుతుంది... నీటికాకుల్ని చూస్తే తోక ఊపుతుంది.

ఇక చూడండి... పంచె ఎగ్గట్టి, హోయ్ హోయ్ అని అరుస్తూ గట్టు చుట్టూ నాన్నగారే పరుగు. వెనకాల అది, ఆటనుకుని. చలికాలమంతా అదే వరస. చూసి చూసి ఒకరోజు మా అమ్మ అంది కదా...

"ఏవండీ, నల్లోడు ఉండగానే తెచ్చుంటే మీకీ పరుగు తప్పేది."

గంజి కాయలేనన్న మా అమ్మే ఆ మాటన్నది! నాన్నగారు నల్లోడు పడుకునే చోటుకేసి ఒకసారి చూసి మళ్ళీ పరుగెత్తారు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు రాజమండ్రిలో మా ఫ్లాట్‌లో చిన్ని అని ఓ కుక్క ఉంది. మూతి చుట్టూ తెల్లబడింది. ఇంకో కుక్కపిల్లని తెద్దామని మా అమ్మాయి ప్రాణం తీస్తోంది. పరీక్షలు అవనీ అని నేను... పెయింట్లు వేయించాక అని మా ఆవిడ. ఫోన్లో వీడియోలు చూస్తే ఒకడు ఆగమంటాడు, ఇంకొకడు ఇప్పుడే అంటాడు. నిన్న మా ఆవిడ ఆషాఢం వెళ్ళనివ్వండి అనేసరికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

కాపలాకి చెరువూ లేదు, గట్టూ లేదు. అయినా లిఫ్ట్ ఆగగానే అడుగుల చప్పుడు బట్టి మనవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో చిన్నికి తెలిసిపోతుంది. ఆ విద్య కొత్తగా వచ్చేదానికి మా చిన్నే నేర్పాలి... మా వల్ల కాదు.

ఆషాఢమైనా సరే, ఆదివారం పిల్లని తేవడానికి వెళ్తున్నాం.

మీ ఇంటికి రెండోది ఎప్పుడొచ్చిందండీ... మొదటిది ఉండగానా, పోయాకా?