మా సూరిబాబుని విమానంలో తెచ్చాను

ఆ కరోనా లాంటి కాలం మళ్లీ రాకూడదు. వచ్చి, అయినవాళ్ల అస్థికలు పట్టుకుని విమానం ఎక్కాల్సిన ఖర్మ ఎవరికైనా పడితే పనికొస్తాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కుండ మట్టిదే తీసుకోండి. రాగిదీ ఇత్తడిదీ అయితే ఎయిర్‌పోర్టు తనిఖీ మిషన్‌లో లోపల ఏముందో కనిపించదట. మరణ ధ్రువపత్రం, దహనం చేసినచోట ఇచ్చిన రసీదు చేతిలోనే ఉంచుకోండి. కుండ మూతికి తాడుతో గట్టి ముళ్లు వెయ్యకండి. ఈ చివరి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

సాలూరులో మాకు లారీల టార్పాలిన్లు, తాళ్లు అమ్మే కొట్టు ఉంది. మా తమ్ముడు సూరిబాబుకి సొంత లారీ. తనే నడుపుకునేవాడు. ఆ వేసవిలో గరివిడి నుంచి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ లోడు వేసుకుని గుజరాత్ వెళ్లాడు. అహ్మదాబాద్‌లో లోడు దించిన సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. ఎప్పుడూ చేసేదే. మా వైపు అక్కని అప్ప అంటారు. "అప్పా, లోడు దిగింది," అంటాడు. "తాళ్లు వొదిలీకుండా తెచ్చీ," అంటాను నేను. అంతే మా మాటలు. ఆ రోజు మాత్రం, "కొంచెం ఒళ్లు ఎచ్చగా ఉన్నాదప్పా," అన్నాడు. తర్వాత ఆస్పత్రిలో చేరాడని వాడి తోటి డ్రైవరు సత్యం చెప్పాడు. సత్యానిదీ సాలూరే. వాడి లారీ సూరిబాబు లారీ వెనకే వెళ్లింది.

సూరిబాబు పెళ్లాం రత్నానికి అప్పటికే ఇంట్లో జ్వరం. గది తలుపు వేసుకుని పడుకుంది. మా ఆయనకి షుగరు. ఇక మిగిలింది నేను. జన్మలో విమానం ఎక్కలేదు. టిక్కెట్టు మూడింతలు రేటు చెప్పారు. బేరమాడడానికి ఎదురుగా మనిషి కూడా లేడు, ఫోనే కదా. ఏడుస్తూ కొన్నాను.

తెల్లారకుండా అద్దెకారులో సాలూరు నుంచి బయల్దేరాను. మధ్యాహ్నం దాటితే కర్ఫ్యూ. విజయనగరం వై జంక్షన్‌లో పోలీసులు ఆపి విమానం టిక్కెట్టు చూసి వదిలేశారు. దారి పొడుగునా ఒక్క టీకొట్టు తెరిచి లేదు. విశాఖ ఎయిర్‌పోర్టులో ముఖానికి ప్లాస్టిక్ అద్దం ఇచ్చారు. నా సీటు మధ్యది కాబట్టి తెల్లటి గౌను కూడా తొడుక్కోవాలన్నారు. ఆ గౌనులో ఉక్కకి ఒళ్లంతా తడిసిపోయింది. తనిఖీ గేటు దాటుతుంటే సూరిబాబే గుర్తొచ్చాడు. ఆరేళ్ల కిందట సుంకి ఘాటీలో వాడి లారీ పల్టీ కొట్టి మోకాలి కింద ఎముక విరిగితే, విజయనగరంలో స్టీలు ప్లేటు వేసి మేకులు బిగించారు. అప్పటి నుంచి ఏ గేటు దాటినా అది కూత పెట్టేది. "నాను గుళ్లోకెల్లినా దొంగని సూసినట్టు సూస్తారప్పా," అని నవ్వేవాడు.

హైదరాబాద్‌లో విమానం మారాలి. రెండో విమానం కోసం కూర్చున్నప్పుడు సత్యం ఫోన్ చేశాడు.

"అప్పా, ఎక్కడున్నావు?"

"హైదరాబాద్ల. ఎలగున్నాడ్రా?"

"నువ్వు కంగారడకుండా రా అప్పా. ఇంక కంగారు నేదు," అన్నాడు.

అర్థమైంది. అయినా ఎక్కాలి కదా. ఎక్కాను. ఆ అద్దం వెనక ఏడిస్తే అంతా ఆవిరి పట్టేసి ఏమీ కనిపించదు. అద్దం తీస్తే విమానంలో అమ్మాయి వచ్చి పెట్టుకోమంటుంది. తుడుచుకోవడానికి కూడా లేని ఏడుపు అది. పక్కనున్న ఇద్దరూ చెరో పక్కకి ఒరిగిపోయి కూర్చున్నారు. నాకు దగ్గొచ్చిందనుకున్నారు కాబోలు.

అహ్మదాబాద్‌లో ఆస్పత్రి గేటు కూడా దాటనివ్వలేదు. ముఖం చూపించలేదు. దహనం వాళ్లే చేశారు. మర్నాడు శ్మశానం దగ్గర కుండలు వరసగా పెట్టి, చీటీ చూసి ఒక్కొక్కరికీ ఒకటి ఇచ్చారు. సత్యం వెళ్లి తెచ్చాడు. నేను లారీల యార్డులో సూరిబాబు లారీ క్యాబిన్‌లో కూర్చుని ఉన్నాను. వాడి తువ్వాలు ఇంకా అద్దానికి వేలాడుతోంది.

రత్నం ఫోన్ చేసింది. గొంతు పూర్తిగా పోయింది.

"వొదినా, అన్ని కుండల్లో అది మీ తమ్ముడిదేనని నీకెలగ తెలిసింది?"

చీటీ మీద పేరుందన్నాను.

"సీటీలు మారిపోవా? నాను మొకం సూడనేదు, కాళ్లు సూడనేదు. ఎవులో ముక్కూ మొకం తెలీనోళ్లకి నాను బొట్టు తీసీవాలా?" అంది. తర్వాత నెమ్మదించి, "కుండ నువ్వు తే. దార్ల మాత్రం విప్పకు. నానే సెయ్యెట్టి సూస్తాను. ఆయనైతే నాకు తెలుస్తాది," అంది.

బూడిదలో ఏం తెలుస్తుందే పిచ్చిదానా అనబోయి మానుకున్నాను. విప్పనని మాటిచ్చాను.

పదో రోజు ముఖలింగంలో కర్మ. మా పుట్టింటివాళ్ల అస్థికలన్నీ అక్కడ వంశధారలోనే కలిపారు. మరణ ధ్రువపత్రం చేతికొచ్చేసరికే ఎనిమిదో రోజైంది, ఇక లారీ మీద వస్తే ఆ రోజుకి అందుకోలేం. మళ్లీ విమానమే. సత్యం కుండని లోడు కట్టినట్టే కట్టాడు. మూతి మీద గుడ్డ, ఆ పైన టార్పాలిన్ ముక్క, దాని చుట్టూ తాడు, గోనె సూదితో కుట్టు. టార్పాలిన్ మా కొట్టుదే, అంచు చూడగానే గుర్తుపట్టాను. మా లారీలవాళ్లకి ఒక పట్టింపు ఉంది. ఒకసారి కట్టిన లోడు దిగే చోటే విప్పాలి. దారిలో విప్పితే ఆ లోడు కలిసిరాదంటారు. అందుకే లాగితే ఊడే ముడి కాకుండా, ఊడని ముళ్లు వేశాడు.

"లోడు దిగ్గానే ఫోన్ సెయ్యప్పా," అన్నాడు సత్యం, నన్ను ఎయిర్‌పోర్టు దగ్గర దింపి. వాడు అలవాటులో అనేశాడు. అన్నాక తల తిప్పుకున్నాడు.

అస్థికల కుండ నేలమీద పెట్టకూడదు. ట్రాలీలో పెట్టబుద్ధి కాలేదు. లైన్లో గంటసేపు రెండు చేతులతో పట్టుకునే నిలబడ్డాను. తనిఖీ దగ్గర ట్రేలో పెట్టమన్నారు. సూరిబాబు తువ్వాలు పరిచి పెట్టాను. కుండ మిషన్‌లోకి వెళ్లింది. బెల్టు ఆగిపోయింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది. తెరముందు కూర్చున్నాయన ఇంకొకాయన్ని పిలిచాడు. హిందీలో నన్నేదో అడిగాడు. నాకు లారీల హిందీ రెండు ముక్కలొచ్చు, అవి రేట్లకే పనికొస్తాయి. "మా తమ్ముడు బాబూ," అంటూ కాగితాలు చూపించాను. తల అడ్డంగా ఊపాడు.

నా వెనక లైన్లోంచి ఒకాయన, "ఏటప్పా, ఏటంతన్నారు?" అన్నాడు.

ఆ రోజుల్లో అంత దూరాన మా వైపు మాట వినడం ఎంత ప్రాణం లేచి వచ్చినట్టుందో చెప్పలేను. పేరు ఎర్రయ్య. కళింగపట్నం పక్కన పల్లె. గుజరాత్ రేవు వెరావల్‌లో ఏళ్ల తరబడి చేపల బోటుమీద పనిచేస్తున్నాడు, హిందీ బాగా వచ్చు. ఆయన వాళ్లతో మాట్లాడి నా వైపు తిరిగాడు.

"లోపల ఇనప సామానేదో ఉన్నాదంట. విప్పి సూపించమంతన్నారు."

"బూడిదలో ఇనుమేటి? నాను విప్పను. మాటిచ్చినాను," అన్నాను. గొంతు పెద్దదైంది. చుట్టూ ఉన్నవాళ్లు దూరం జరిగారు. విప్పకపోతే విమానం ఎక్కనిచ్చేది లేదన్నారు. విమానం తప్పితే పదో రోజు తప్పుతుంది. రత్నానికిచ్చిన మాట, వాడి కర్మ, రెంటిలో ఒకటి పోవాలి. అక్కడే బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

"విప్పప్పా," అన్నాడు ఎర్రయ్య మెల్లిగా. "ఆయన్ని ఇక్కడొదిలీసి ఎల్లిపోతావేటి?"

కత్తెర లేదు, ఎయిర్‌పోర్టులో ఉండదు. నేలమీద పెట్టలేను. ఎర్రయ్య చేతులు చాపాడు. కరోనాతో పోయినవాడిదని ముందే చెప్పాను. "అయితే ఏటి? ఇలగియ్యి," అని కుండని గుండెలకి ఆనించి పట్టుకున్నాడు. తాళ్లు అమ్ముకుని బతికే దాన్ని, సత్యం ముళ్లు ఊడదీయడానికి నాకు గోళ్లు విరిగాయి. చేతులకున్న ప్లాస్టిక్ తొడుగులు చిరిగిపోతే విసిరేశాను. కుట్టు తెగింది, గుడ్డ లేచింది.

బూడిద, తెల్లటి ఎముక ముక్కలు, వాటి మధ్య నల్లబడిన పొడుగాటి రేకు. దానికి మేకులు. నాలుగోది పక్కకి వంగి ఉంది.

అది నేను ఎక్స్‌రేలో చూశాను. ఆరేళ్ల కిందట విజయనగరంలో డాక్టరు వెలుతురుకి పెట్టి చూపిస్తే చూశాను. ఈ నాలుగోది కొంచెం వంకర పోయింది, పర్వాలేదు అన్నాడాయన.

"ఈడే," అన్నాను. "ఈడు మా సూరిబాబే."

ఎర్రయ్య ఆ తనిఖీ ఆయనకి, కాలికి వేసిన ప్లేటు అని చెప్పాడు. ఆయన టోపీ తీశాడు. ఇంకేమీ అడగలేదు, ప్లేటు తీసి ఇమ్మని కూడా అనలేదు. నాకు నవ్వొచ్చిందంటే నమ్ముతారా? చచ్చిపోయాక కూడా గేటు దగ్గర వీడు కూత పెట్టించాడు. నవ్వుతుంటే మళ్లీ ఏడుపు తన్నుకొచ్చింది. ఎర్రయ్యే గుడ్డ మూసి తాడు చుట్టాడు.

విమానంలో తిండి లేదు, నీళ్లు కూడా అడిగితేనే. కుండని పైన అరలో పెట్టమంటే ఒళ్లోనే ఉంచుకుంటానన్నాను. ఎగిరేటప్పుడు కుదరదన్నారు. కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడకి సంగతి తెలిసి తన సీటు మార్చమని గొడవ పెట్టింది. మార్చారు. ఆ ఖాళీ సీట్లో కుండ పెట్టి బెల్టు కట్టుకోమంది విమానంలో అమ్మాయి, కళ్లతోనే నవ్వి. ఆ పుణ్యాత్మురాలు గొడవ పెట్టబట్టి సూరిబాబుకి హైదరాబాద్ దాకా కిటికీ సీటు దొరికింది. ఎర్రయ్య రెండు వరసల వెనక నుంచి మధ్యమధ్యలో లేచి చూస్తున్నాడు. హైదరాబాద్‌లో విమానం మారినప్పుడు నేను బాత్రూంకి వెళ్తే ఆయనే పట్టుకున్నాడు.

విశాఖలో దిగాక నుదుటికి మిషన్ పెట్టి చూశారు. జ్వరం లేదన్నారు. ఎర్రయ్యని మాత్రం పక్కకి నిలబెట్టారు. ఒళ్లు వేడిగా ఉందట. పరీక్ష చేసి, ఫలితం వచ్చేదాకా పంపేది లేదన్నారు.

"నువ్వెల్లప్పా, టైమైపోతాది," అన్నాడు దూరం నుంచే. దండం పెట్టాను. పట్టుకోవాల్సినప్పుడు పట్టుకున్న మనిషిని అలా గాజుగోడ వెనక వదిలేసి వచ్చాను. ఆ ముక్క రాస్తుంటే ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది.

కారు శ్రీకాకుళం, నరసన్నపేట మీదుగా ముఖలింగం చేరేసరికి ఎండ ఎక్కింది. వంశధారలో నీళ్లు ఒక పక్కకే ఉన్నాయి, మిగతా అంతా ఇసుక. కర్మ చెయ్యడానికి మా చిన్నాన్న కొడుకు, పంతులు ఉన్నారు. రత్నం దూరంగా ఇసుకలో కూర్చుని ఉంది. పది రోజుల్లో సగమైపోయింది. కుండ చూడగానే లేచింది. తాడు చూసింది.

"ఇది సత్యం ముడి కాదు. విప్పీసినావేటి వొదినా?"

"విప్పీసినానే. నా మీద కోపం తరవాత పడుదువు గాని, ముందు సెయ్యెట్టు," అన్నాను.

చేయి పెట్టింది. బూడిదలో కాసేపు వెతికింది. ఆగిపోయింది. మెల్లిగా ప్లేటు పైకి తీసి, ఒక్కొక్క మేకు మీదా వేలు వేసుకుంటూ వచ్చి, వంగినదాని దగ్గర నిలిపింది.

"ఇక్కడే వొదినా. సలికాలం వొస్తే ఇక్కడే నొప్పెట్టేది. నాను ఇసక ఎచ్చబెట్టి గుడ్డలో కట్టి కాపడం పెట్టేదాన్ని," అంది. అప్పుడు ఏడ్చింది. పది రోజుల ఏడుపు ఒక్కసారి వచ్చింది. నేనూ పక్కన కూలబడ్డాను. దూరం పాటించమని పంతులు అన్నాడు. వినలేదు.

ప్లేటు కూడా నీళ్లలో వదిలెయ్యమన్నాడాయన. రత్నం ఇవ్వలేదు. కొంగున కట్టుకుంది.

సాలూరు తిరిగివస్తుంటే దారిలో, ఎర్రయ్య హైదరాబాద్‌లో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. పరీక్షలో ఏమీ లేదని తేలిందట, బండెండకి తిరిగిన వేడేనట, పల్లెకి బయల్దేరాడట. ఆ మాట విన్నాకే నాలుగు మెతుకులు తిందామనిపించింది. మీరెవరైనా నన్ను విమానం ఎలా ఉంటుందని అడిగితే, మనిషిని మనిషి దగ్గరికి రానివ్వని ఇనప డబ్బా అంటాను. ఆ డబ్బా ఎక్కే దారిలో ఆ మిషనే లేకపోతే, మా రత్నం జన్మంతా అనుమానంతోనే బతికేదని కూడా చెబుతాను.

రామభద్రపురం దాటాక సత్యానికి చేశాను. వాడు ఎత్తాడు. వెనకాల లారీ ఇంజను చప్పుడు వినిపిస్తోంది. సూరిబాబు లారీదే. తన లారీని వేరే డ్రైవరుకి అప్పగించి, సత్యమే దాన్ని నడుపుకుని వస్తున్నాడు.

"లోడు దిగిందిరా సత్యం," అన్నాను.

"తాడు?" అన్నాడు.

"తెచ్చీసినాను," అన్నాను.