అవ్వ కూర్చోబెట్టిన వరుస

నా చిన్నప్పుడు సర్కారు దవాఖానకు పోవడమంటే ఆ రోజంతా దానికే రాసిచ్చేయడం. మా పల్లె శామీర్‌పేట చెరువుకు అవతల ఉండేది. పొద్దున్నే జొన్నరొట్టెలు మూటగట్టుకుని, రెండు బస్సులు మారితే గానీ దవాఖాన గేటు కనిపించేది కాదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పది రోజులుగా కుడిచెవి ఒకటే పోటు. మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, వెల్లుల్లి నూనె పోసింది, ఉప్పు కాపడం పెట్టింది. తగ్గలేదు.

నిజానికి అంతకుముందు వారమే ఒకసారి పోయి వచ్చాం. చీటీ రాయించుకుని, డాక్టరమ్మ గది ముందు ఎండలో నిలబడ్డాం. నిలబడి నిలబడి అవ్వకు కళ్లు తిరిగి మెట్టు మీద కూలబడింది. ఆమెను చూసుకునేసరికి మా చోటు పోయింది. గది గుమ్మం దగ్గర ఉండే కంపౌండరు, లైను తప్పినవాళ్లు మళ్లీ చివరికి పోవాల్సిందేనన్నాడు. మా వంతు రాకముందే తలుపు మూశారు. తిరుగు బస్సులో నేను చెవి పట్టుకుని ఏడుస్తుంటే, అవ్వ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏదో ఆలోచిస్తోందని నాకు అప్పుడు తెలియలేదు.

రెండోసారి పోయినప్పుడు కూడా అదే ఎండ, అదే లైను. ముప్పై నలభై మంది ఉన్నారు. అవ్వ చీటీ తీసుకుని వచ్చి, లైనులో నిలబడకుండా దాని పక్కన నిలబడింది. అందరికీ వినిపించేలా గొంతు పెంచింది.

"గిట్ల ఎండల నిలవడి రోగం ఎక్కువ జేసుకునుడెందుకు? నీ ముందల ఎవరున్నరో మొకం సక్కగ జూసుకో. నీ ఎనుకున్నోళ్లకు నీ మొకం జూపియ్యి. ఇగ పోయి సెట్ల కింద కూసోండ్రి. వరుస యాడికి పోదు!"

ముందు ఎవరూ కదల్లేదు. చోటు పోతుందన్న భయం అందరిదీ. చివరికి మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఒక ముసలాయన, "నాతోని అయితలేదు, ఏమయితే గదయితది" అంటూ పోయి వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఆయన వెనక ఇద్దరు, వాళ్ల వెనక పదిమంది. కాసేపటికి గుమ్మం ముందు ఒక్కరూ లేరు.

కంపౌండరు బయటికి వచ్చి బిత్తరపోయాడు. "ఏందిది? లైనేది? ఇగ ఎవర్ని పంపాలె నేను?" అని కేకలేశాడు.

"పిలిసి జూడు సారూ" అంది అవ్వ.

ఆయన నమ్మకం లేకుండానే "తర్వాతెవరు?" అన్నాడు. సరిగ్గా రావాల్సిన మనిషే లేచింది. ఆయనకు సరదా పుట్టి, మోకాళ్ల నొప్పుల ముసలాయన్ని "నీ ముందల ఎవరు?" అని అడిగాడు. ఆయన "బట్టతలాయన" అన్నాడు గానీ ఎంత వెతికినా బట్టతల కనిపించలేదు. ఆ మనిషి ఎండకు తలకు ఎర్ర రుమాలు చుట్టుకుని, ముసలాయన పక్కనే కూర్చుని ఉన్నాడు. అది తెలిశాక చెట్ల కింద అందరూ పగలబడి నవ్వారు. మొహం గుర్తుపెట్టుకోవాలంటే మాట కలపాలి కదా. ఏ ఊరు, ఏం బాధ అని అడుగుతూ అడుగుతూ అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లయిపోయారు. ఎవరో ఉడికించిన పల్లీలు పంచారు. మా రొట్టెలు కూడా అట్లాగే చేతులు మారాయి.

నా ముందు దూలపల్లి నుంచి వచ్చిన ఒక అక్క ఉంది. ఒళ్లో ఏడాది నిండని పాప. విరేచనాలు పట్టుకుని, ఏడ్చే ఓపిక కూడా లేక వాడిపోయి ఉంది. ఎర్ర రుమాలాయన, ఆయన వెనక ముసలాయన, తర్వాత ఆ అక్క, తర్వాత నేను. పాప బట్టలు పాడుచేసుకుంటే కడగడానికి అక్క దవాఖాన పక్కనున్న నల్లా దగ్గరికి పోయింది. పోతూ పోతూ "నేనున్నానని యాదికుంచుకో చెల్లె" అని నాకు చెప్పింది.

అప్పుడే ముసలాయన డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చాడు. కంపౌండరు గడియారం చూసుకుని "జల్దీ, జల్దీ! ఇంకో ఇద్దరు ముగ్గురే" అన్నాడు. పోయిన వారం మూసిన తలుపే కళ్ల ముందు మెదిలింది. అవ్వేమో గేటు దగ్గర కొత్తగా వచ్చినవాళ్లకు వరుస చెబుతోంది. నేను లేచి గుమ్మం దగ్గరికి పోయాను.

"నీ ముందల ఎవరు బిడ్డా?" అన్నాడు కంపౌండరు.

"ఎవ్వలు లేరు" అన్నాను.

ఆయన వెంటనే పక్కకు తప్పుకున్నాడు. ఆ పొద్దంతా అక్కడ ఒక్కరూ అబద్ధం చెప్పలేదు మరి.

డాక్టరమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి చెవిలోకి లైటు వేసింది. ఎదురుగా కిటికీ ఉంది. కిటికీ అవతల నల్లా కింద అక్క వంగి బట్టలు పిండుతోంది. పాప భుజం మీద వేలాడుతోంది. అక్క మధ్యమధ్యలో తలెత్తి చెట్ల వైపు, ఇందాక నేను కూర్చున్న చోటు వైపు చూస్తోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నొస్తాందా?" అంది డాక్టరమ్మ.

"నా ముందల ఒక అక్కున్నది" అన్నాను. "లేదని సెప్పిన."

ఆమె లైటు ఆర్పింది. "మరింకేం, పోయి పిలుచుకురా" అంది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అక్క తడిచీరతోనే పాపను ఎత్తుకుని వచ్చింది. ఇంకో పూట ఆలస్యమైతే పాపకు కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పడం నేను గుమ్మంలో నిలబడి విన్నాను. పాపను మంచం మీద పడుకోబెట్టి చెంచాతో ఉప్పు చక్కెర నీళ్లు పట్టించడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత నన్ను పిలిచారు. డాక్టరమ్మ సన్నటి పట్టకారు నా చెవిలో పెట్టి, ఉబ్బిన జొన్నగింజ ఒకటి బయటికి లాగింది! ఆటల్లో నేనే దూర్చుకుని మరిచిపోయానట. కంపౌండరు దాన్ని దూది మీద పెట్టి బయటికి తీసుకుపోయి అందరికీ చూపించాడు. "జరంత ఆగితే చెవుల చేను మొలుస్తుండె!" అన్నాడు ముసలాయన. నవ్వులు గేటు దాకా వినిపించాయి. ఆ రోజు డాక్టరమ్మ చెట్ల కింద ఉన్న అందరినీ చూసి గానీ లేవలేదు. మేం బయలుదేరే వేళకు పాప కళ్లు తెరిచి, చెంచాను వదలకుండా పట్టుకుంది.

బస్సులో అవ్వకు జరిగిందంతా చెప్పేశాను. తిట్టలేదు. నా తల ఒళ్లో పెట్టుకుని, "నీ ముందలున్న మనిషి నీకు అడ్డం గాదు బిడ్డా. నీకు అప్పజెప్పిన మనిషి" అంది. నొప్పి పోయిన కుడిచెవితో అంత దగ్గరగా నేను విన్న మొదటి మాటలవి.

ఇప్పుడు బహదూర్‌పల్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నెలనెలా బీపీ మాత్రల కోసం సర్కారు దవాఖానకు పోతాను. ఇప్పుడు టోకెన్లు, గోడ మీద ఎర్రటి అంకెలు వచ్చాయి గానీ, ఎదురుచూపులు అట్లాగే ఉన్నాయి. ఎక్కడ కూర్చున్నా ముందు నా ముందరి మనిషి మొహం చూసుకుంటాను. మొన్న నా ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. తోడు ఎవరూ లేరు, కునుకు తీస్తున్నాడు. ఆయన అంకె వచ్చి, మారిపోబోతోంది. లేచి వెళ్లి భుజం తట్టాను. ఆయన ఉలిక్కిపడి, మందుల సంచి వెతుక్కుని, నన్ను ఇంటి మనిషి అనుకున్నాడో ఏమో, "వస్తున్న చెల్లె, వస్తున్న" అంటూ లోపలికి నడిచాడు.